యుద్ధం ఎందుకని అడిగితే దేశద్రోహమా? తరచుగా అడిగే ప్రశ్నలు

సరిహద్దులో ఏదైనా జరిగిన ప్రతిసారీ, టీవీ స్టూడియోల్లో వార్ రూములు వెలిసిన ప్రతిసారీ ఇవే సందేహాలు తిరిగి వస్తున్నాయి. అందుకే ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్న కావాలంటే అది విడిగా చదువుకోవచ్చు. యుద్ధానికి చెప్పే కారణాలను ఎలా పరీక్షించాలో చూపడానికి, సామూహిక విధ్వంస ఆయుధాలున్నాయంటూ అమెరికా ఇరాక్ మీద చేసిన 2003 యుద్ధాన్ని ఎక్కువగా తీసుకున్నాం. అప్పుడు ఏం చెప్పారో, తర్వాత ఏం తేలిందో రెండూ రికార్డుల్లో ఉన్నాయి కాబట్టి.

## యుద్ధం మాట మొదలైనప్పుడు

ప్రభుత్వం దగ్గర మనకు తెలియని సమాచారం ఉంటుంది కదా. ప్రశ్నించడానికి మనమెవరం?

ఉంటుంది. కానీ సమాచారం రహస్యమైనంత మాత్రాన నిజమైపోదు. 2001లో ఇరాక్‌కు వెళ్తున్న అల్యూమినియం గొట్టాలను జోర్డాన్‌లో పట్టుకున్నారు. యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌ల కోసమే అవి అని సీఐఏ వాదించింది. గొట్టం వ్యాసం 81 మిల్లీమీటర్లు. ఇరాక్ సైన్యం వాడే చిన్న రాకెట్ వ్యాసమూ 81 మిల్లీమీటర్లే. సెంట్రిఫ్యూజ్‌ల లోతు తెలిసిన అమెరికా ఇంధన శాఖ నిపుణులు గొట్టం గోడ మరీ మందంగా ఉందని, వ్యాసం చిన్నదని, పొడవు ఎక్కువని, రాకెట్లకైతే సరిపోతుందని అప్పుడే చెప్పారు. విదేశాంగ శాఖ నిఘా విభాగం కూడా సీఐఏ వాదనతో ఏకీభవించలేదు. ఈ అసమ్మతి 2002 అక్టోబరు నాటి రహస్య నివేదికలో నమోదైంది. జనానికి విడుదల చేసిన చిన్న ప్రతిలో మాత్రం అది 'కొందరి అభిప్రాయం'గా కుదించుకుపోయింది. ఆ కొందరే అసలు నిపుణులన్న సంగతి చదివేవాళ్లకు తెలిసే దారి లేదు. కాబట్టి రహస్యాలు బయటపెట్టమని అడగక్కర్లేదు. 'దీనితో విభేదించిన విభాగం ఏదైనా ఉందా? ఉంటే ఏది?' అని అడిగితే చాలు.

చెబుతున్న కారణం నిజమో కాదో సామాన్యుడు ఎలా తేల్చుకుంటాడు?

నిజమో కాదో తేల్చలేకపోయినా, ఎంత గట్టిదో తూచవచ్చు. మొదట చూడాల్సింది, ఆ సంగతి కళ్లారా చూసిందెవరు, ఎంతమంది అని. 2003 ఫిబ్రవరి 5న భద్రతా మండలిలో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ వర్ణించిన సంచార జీవాయుధ ల్యాబుల కథకు ప్రధాన ఆధారం జర్మనీలో ఆశ్రయం పొందిన ఒకే ఒక్క ఇరాకీ. నిఘావర్గాలు అతనికి పెట్టిన మారుపేరు 'కర్వ్‌బాల్'. అబద్ధం చెప్పానని అతనే 2011లో ఒప్పుకున్నాడు.

తర్వాత, స్వతంత్రంగా సరిచూసే అవకాశం ఇచ్చారా లేదా అన్నది. నైజర్ నుంచి యురేనియం కొన్నట్టు చూపిన పత్రాలు అసలువి కావని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2003 మార్చి 7న చెప్పింది. అదే రోజు ఐక్యరాజ్యసమితి ఆయుధ తనిఖీ బృందం అధిపతి హాన్స్ బ్లిక్స్ పని పూర్తవడానికి నెలలు పడుతుందన్నారు. రెండు వారాలు తిరక్కుండానే, మార్చి 20న దాడి మొదలైంది.

కారణం మారుతోందా అన్నది కూడా గమనించండి. సామూహిక విధ్వంస ఆయుధాలని మొదలుపెట్టి, ఉగ్రవాదంతో సంబంధమని, ఆ పైన ప్రజాస్వామ్యం తెస్తామని మాట మారిందంటే మొదటి కారణం బలహీనపడుతోందన్నమాట. మాట మారిన ప్రతిసారీ తేదీ వేసి రాసి పెట్టుకోండి. అంతకంటే మంచి పనిముట్టు లేదు.

ఎంత ఖర్చవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది అని అడగడం పిరికితనం కాదా?

ఇరాక్ విషయంలో ఆ ప్రశ్న వేసినవాళ్లు పాలనలో, సైన్యంలో ఉన్నవాళ్లే. ఖర్చు 10 వేల నుంచి 20 వేల కోట్ల డాలర్ల దాకా వెళ్లవచ్చని అమెరికా అధ్యక్షుడి ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే 2002 సెప్టెంబరులో అన్నారు. ఏడాది చివరికల్లా పదవి పోయింది. ఆక్రమణ తర్వాత అక్కడ నిలవాలంటే లక్షల్లో సైనికులు కావాలని సైన్యాధిపతి జనరల్ షిన్సెకి 2003 ఫిబ్రవరిలో సెనేట్ కమిటీకి చెబితే, రక్షణ శాఖ పెద్దలు బాహాటంగా కొట్టిపారేశారు. చివరికి లిండ్సే లెక్క కూడా చాలా తక్కువైంది.

ఏడుస్తూ సాక్ష్యం చెప్పినవాళ్లను కూడా అనుమానించాలా?

మనిషిని అవమానించక్కర్లేదు, సాక్ష్యాన్ని సరిచూడాలి. ఇరాక్ కువైట్‌ను ఆక్రమించుకున్నాక, 1990 అక్టోబరులో నయీరా అనే 15 ఏళ్ల అమ్మాయి, కువైట్ ఆసుపత్రిలో ఇరాక్ సైనికులు ఇంక్యుబేటర్లలోంచి పసిపిల్లలను తీసి నేల మీద పడేశారని అమెరికా కాంగ్రెస్ సభ్యుల ముందు చెప్పింది. ఆమె అమెరికాలో కువైట్ రాయబారి కూతురన్న సంగతి, ఆ ప్రచారాన్ని ఒక పబ్లిక్ రిలేషన్స్ కంపెనీ నడిపిందన్న సంగతి యుద్ధం ముగిశాక బయటికొచ్చాయి. కువైట్‌లో అకృత్యాలు జరిగిన మాట నిజమే. ఈ కథకు మాత్రం ఆధారం దొరకలేదు.

అవతలివాళ్లు నిజంగానే దాడి చేశారు. ఇప్పుడు కూడా ప్రశ్నలేనా?

దాడి జరిగితే ఆత్మరక్షణ హక్కు ఐక్యరాజ్యసమితి చార్టర్ 51వ అధికరణంలోనే ఉంది. దాన్ని ఎవరూ కాదనరు. ఎవరు చేశారు, ఏ ఆధారంతో చెబుతున్నారు, జవాబు దాడికి తగినంతలో ఉందా, ఎక్కడ ఆపుతారు అన్న ప్రశ్నలు అప్పుడే మరీ అవసరం. 1964 ఆగస్టు 4న వియత్నాం పక్కనున్న టోంకిన్ సింధుశాఖలో తమ నౌకల మీద రెండోసారి దాడి జరిగిందని అమెరికా ప్రకటించింది. మూడు రోజుల్లో ప్రతినిధుల సభ 416-0తో, సెనేట్ 88-2తో అధ్యక్షుడికి యుద్ధాధికారం కట్టబెట్టాయి. రెండో దాడి జరగనే లేదని ఆ దేశ నిఘా సంస్థ చరిత్రకారుడే తేల్చాడు. ఆ పత్రం బయటికొచ్చింది 2005లో.

వాట్సాప్‌లో వచ్చే యుద్ధం వీడియోలను ఎలా సరిచూడాలి?

వీడియో ఆపి, స్పష్టంగా ఉన్న రెండు మూడు ఫ్రేములు స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. ఫ్రేములో బోర్డుల మీది భాష, వాహనాల నంబర్ ప్లేట్లు, నీడలు, చెట్లు చూడండి. జంట బాణం గుర్తు ఉందంటే అది ఐదు చేతులు దాటి వచ్చిందన్నమాట. 2025 మేలో భారత్-పాకిస్తాన్ ఘర్షణ సమయంలో వీడియో గేమ్ దృశ్యాలు కూడా అసలు దాడులుగా తిరిగాయి. మరీ నున్నగా తిరిగే కెమెరా, మనుషులెవరూ కనపడని ఆకాశం, ఒకే తీరులో పేలే మంటలు అనుమానించాల్సినవి. కేంద్రం నడిపే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ప్రభుత్వానికి సంబంధించిన వాదనల మీదే స్పందిస్తుంది. అది ఖండించలేదు కాబట్టి నిజమేనని అనుకోకండి.

## యుద్ధం నడుస్తుండగా నోరు విప్పితే

'యుద్ధం వద్దు' అని స్టేటస్ పెడితే కేసు పెడతారా?

ఆ మాట నేరం కాదు. రాజ్యాంగం 19(1)(ఎ) కింద అది మీ హక్కు. ఒక మాటను చర్చించడం, సమర్థించడం వేరు, నేరానికి ఉసిగొల్పడం వేరని, శిక్ష ఉసిగొల్పడానికేనని సుప్రీంకోర్టు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో గీత గీసింది. 2024 మార్చిలో జావెద్ అహ్మద్ హజామ్ కేసులో మరో అడుగు వేసింది. ప్రభుత్వ నిర్ణయాన్ని వాట్సాప్ స్టేటస్‌లో విమర్శించడం, పొరుగు దేశానికి స్వాతంత్ర్య దిన శుభాకాంక్షలు చెప్పడం నేరం కాదంటూ ఎఫ్ఐఆర్‌నే కొట్టేసింది. అయినా కేసులు పడుతూనే ఉంటాయి. కోర్టు కొట్టేసేదాకా తిరగడమే చాలామందికి అసలు శిక్ష. అందుకే చట్టం తెలియడంతో పాటు రాసే తీరూ ముఖ్యం.

దేశద్రోహం సెక్షన్ ఎత్తేశారు కదా, ఇంకా భయమెందుకు?

ఐపీసీ 124-ఎను సుప్రీంకోర్టు 2022 మే 11న పక్కన పెట్టించింది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పేరు లేదు. దాని స్థానంలో సెక్షన్ 152 వచ్చింది. వేర్పాటువాదాన్ని, సాయుధ తిరుగుబాటును రెచ్చగొట్టినా, దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ప్రమాదం తెచ్చినా ఏడేళ్ల దాకా జైలు లేదా యావజ్జీవం. 'ప్రమాదం తేవడం' అంటే ఏమిటో సెక్షన్‌లో వివరం లేదు. చిక్కంతా అక్కడే. ప్రభుత్వ చర్యలను చట్టబద్ధంగా మార్పించాలని చేసే విమర్శ దీని కిందికి రాదన్న వివరణ మాత్రం సెక్షన్‌లోనే ఉంది. నినాదాలు ఇచ్చినంత మాత్రాన, హింసకు పిలుపు లేనప్పుడు, రాజద్రోహం కాదని 1995లో బల్వంత్ సింగ్ కేసులో కోర్టు చెప్పింది. మీ లాయరు మొదట పట్టుకోవాల్సినవి ఈ రెండూ.

మరి ఏది రాస్తే నిజంగా చిక్కుల్లో పడతాం?

సైన్యం కదలికలు, కాన్వాయ్ వీడియోలు, వైమానిక స్థావరాల ఫొటోలు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. అధికార రహస్యాల చట్టం 1923 వర్తిస్తుంది, పైగా మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. సైనికులను ఆదేశాలు ధిక్కరించమని పిలుపునివ్వడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 353(1)(ఎ) కిందికి వస్తుంది. 'ఈ ఆదేశం ఇచ్చి ఉండాల్సింది కాదు' అనవచ్చు, 'ఈ ఆదేశం పాటించకండి' అనకూడదు. ఒక మతాన్నో, రాష్ట్రం వాళ్లనో శత్రువుతో కలిపి మాట్లాడితే వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టే సెక్షన్ 196 వర్తిస్తుంది. యుద్ధానికి అనుకూలంగా రాసేవాళ్లకూ ఈ సెక్షన్ అంతే వర్తిస్తుందన్న సంగతి చాలామంది మర్చిపోతుంటారు. ఇక నిషేధిత సంస్థను పొగిడితే ఊపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) దాకా వెళ్తుంది. అందులో బెయిల్ రావడం కష్టం.

యుద్ధం వస్తే మాట్లాడే హక్కు రద్దవుతుందట, నిజమేనా?

యుద్ధం వచ్చినంత మాత్రాన కాదు. 352వ అధికరణం కింద యుద్ధం లేదా బయటి దురాక్రమణ కారణంగా ఎమర్జెన్సీ ప్రకటిస్తేనే, 358 ప్రకారం 19వ అధికరణం రక్షణ తాత్కాలికంగా ఆగుతుంది. ఆ ప్రకటనను నెలలోగా పార్లమెంటు ఉభయ సభలు ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణాలను తీసేయలేరు. 1962లో పెట్టిన ఎమర్జెన్సీ 1968 దాకా, 1971 నాటిది 1977 దాకా నడిచాయి. 1999 కార్గిల్ యుద్ధంలో అసలు పెట్టనే లేదు.

దేశమంతా ఒక్కటిగా ఉండాల్సిన సమయంలో విమర్శలేంటని అంటారు. ఏం చెప్పాలి?

1962 నవంబరు చూపించండి. చైనా సైన్యం దేశంలోకి చొచ్చుకొచ్చిన రోజుల్లో, జనసంఘ్ ఎంపీ వాజ్‌పేయి పార్లమెంటును ముందుగా పిలవమని అడిగితే నెహ్రూ పిలిచారు. రహస్య సమావేశం పెడదామన్న సూచనను ఒప్పుకోలేదు. లోక్‌సభలో రోజుల తరబడి 165 మంది మాట్లాడారు, ప్రధానిని ముఖం మీదే నిలదీశారు. అంతకుముందే రక్షణ మంత్రి కృష్ణ మీనన్ పదవి పోయింది. తుపాకులు పేలుతుండగానే జరిగిన చర్చ అది.

మా అన్నయ్య ఆర్మీలో ఉన్నాడు. యుద్ధాన్ని ప్రశ్నిస్తే అతన్ని అవమానించినట్టు కాదా?

కాదు. యుద్ధానికి వెళ్లాలా వద్దా అన్నది సైనికుడి నిర్ణయం కాదు. ఆ నిర్ణయం ఢిల్లీలో భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘానిది. మన రాజ్యాంగంలో యుద్ధానికి ముందు పార్లమెంటులో ఓటింగ్ తప్పనిసరి కూడా కాదు. అందుకే అడిగేవాళ్లు బయటే ఉండాలి. దాదాపు ఇంటికొకరు సైన్యంలో చేరే పశ్చిమ గోదావరి మిలటరీ మాధవరం లాంటి ఊళ్లలోనే ఈ నిర్ణయం బరువు అందరికంటే ఎక్కువగా పడేది.

నేను ప్రభుత్వ ఉద్యోగిని. ఫేస్‌బుక్‌లో రాయొచ్చా?

జాగ్రత్త. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి (1964) 9వ నిబంధన ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడాన్ని, విదేశాలతో సంబంధాలను ఇబ్బంది పెట్టే వ్యాఖ్యలను నిషేధిస్తుంది. రాష్ట్ర ఉద్యోగులకూ ఇలాంటి నిబంధనలున్నాయి. జైలు కాదుగానీ సస్పెన్షన్ ఖాయమనుకోవచ్చు. ప్రైవేటు ఉద్యోగులు కంపెనీ సోషల్ మీడియా పాలసీ చదువుకోవాలి. 19వ అధికరణం ప్రభుత్వం మీద పనిచేస్తుంది, మీ మేనేజర్ మీద కాదు.

అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నాను. గల్ఫ్‌లో ఉన్న మా తమ్ముడూ ఇదే అడుగుతున్నాడు.

రెండూ పూర్తిగా వేరు. అమెరికాలో వాక్ స్వేచ్ఛ పౌరులు కానివారికీ ఉంది, కానీ వీసా ఇవ్వడం, రద్దు చేయడం అధికారుల చేతిలోని పని. 2025 జూన్ నుంచి ఎఫ్, ఎం, జె వీసా దరఖాస్తుదారులు, డిసెంబరు నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్లూ సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టాలి. నిరసనకు వెళ్లే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి, యూనివర్సిటీ ఆఫీసుతో మాత్రమే కాదు. గల్ఫ్‌లోనైతే వెళ్లనే వద్దు. 2024 జులైలో తమ సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా యూఏఈ వీధుల్లో నిరసన తెలిపిన 57 మంది బంగ్లాదేశీయులకు అక్కడి కోర్టు పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్షలు వేసింది. సెప్టెంబరులో క్షమాభిక్ష దొరకబట్టి బయటపడ్డారు.

## రోడ్డు మీదికి వస్తే

శాంతి ర్యాలీకి పర్మిషన్ ఎలా తీసుకోవాలి?

కనీసం వారం ముందు దరఖాస్తు ఇవ్వండి. నగరాల్లో ఏసీపీ లేదా డీసీపీ ఆఫీసు, జిల్లాల్లో డీఎస్పీ. తేదీ, మొదలయ్యే, ముగిసే సమయాలు, స్థలం, ఎంతమంది వస్తారు, మైకు ఉందా, బాధ్యులు ముగ్గురి పేర్లు, ఫోన్ నంబర్లు రాయాలి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. స్టాంపు లేని దరఖాస్తు ఇవ్వనట్టే. హైదరాబాద్‌లో ఇందిరా పార్క్, విజయవాడలో అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌లైతే ర్యాలీ కంటే సులువుగా ఒప్పుకుంటారు.

'సెక్షన్ 30 అమల్లో ఉంది' అన్నది మన దగ్గర తరచూ వినే జవాబు. 1861 పోలీసు చట్టంలోని ఆ సెక్షన్ ఊరేగింపులను నియంత్రించడానికి ఉంది, మొత్తంగా నిషేధించడానికి కాదు. రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 జనవరిలో తెచ్చిన జీవో నంబర్ 1ని హైకోర్టు ఆ మే నెలలో కొట్టేసింది. తిరస్కరిస్తే కారణం రాసివ్వమనండి. ఆ కాగితం చేతికొస్తే హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్, సమయం లేకపోతే లంచ్ మోషన్ (అదే రోజు అత్యవసరంగా విచారించమని అడగడం). జాతీయ జెండా మీద ఏమీ రాయకండి, దిష్టిబొమ్మ జోలికి పోకండి. రెండూ ఉత్తపుణ్యానికి కొత్త కేసు తెస్తాయి.

ర్యాలీ రోజు పొద్దున్నే హౌస్ అరెస్ట్ అంటూ పోలీసులు గుమ్మంలో నిలబడితే?

'హౌస్ అరెస్ట్' పేరుతో పోలీసులు సొంతంగా వాడగలిగే సెక్షన్ ఏదీ లేదు. ముందస్తు అరెస్టుకు నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 170 ఉంది. అదీ నేరం జరగబోతోందని తెలిసి, వేరే దారి లేనప్పుడే, 24 గంటలకు మించకుండా. ఆర్డర్ కాపీ అడగండి, ఇవ్వకపోతే అడిగినట్టు వీడియో తీసి పెట్టుకోండి. తోసుకుని బయటికి వెళ్లవద్దు. విధులకు ఆటంకం కేసు పడేది సరిగ్గా ఆ తోపులాటలోనే.

## స్టేషన్ నుంచి ఫోన్ వస్తే

'ఓసారి స్టేషన్‌కు వచ్చి మాట్లాడండి' అని ఫోన్ చేశారు. వెళ్లాలా?

మర్యాదగా మాట్లాడి, ఫోన్ చేసినవారి పేరు, హోదా, స్టేషన్ రాసుకుని, నోటీసు పంపమనండి. నిందితుడిగా పిలిస్తే బీఎన్ఎస్ఎస్ 35(3), సాక్షిగా పిలిస్తే 179. సాక్షులైన మహిళలు, 15 ఏళ్లలోపు పిల్లలు, 60 ఏళ్లు దాటినవారు స్టేషన్‌కు వెళ్లక్కర్లేదు, పోలీసులే ఇంటికి రావాలి. 35 నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. సరైన నోటీసు వచ్చాక మాత్రం తప్పకుండా వెళ్లండి. వెళ్తున్నంతకాలం, కారణాలు రాయకుండా అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే ఆ రక్షణను చేజేతులా పోగొట్టుకున్నట్టే.

మాటలకు, రాతలకు సంబంధించిన మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే కేసుల్లో, ఎఫ్ఐఆర్‌కు ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ జరపడమే ఎప్పుడూ మంచిదని ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చిలో కోర్టు చెప్పింది. 196, 353 కేసుల్లో ఇది పనికొస్తుంది. అరెస్టే చేస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఇంట్లోవాళ్లకు తెలపాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. లాయరు లేకపోతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100.

పోస్టు డిలీట్ చేసేస్తే సరిపోతుందా?

కేసు పడకముందు డిలీట్ చేయడం మీ ఇష్టం. పడ్డాక చేస్తే సాక్ష్యం మాయం చేశారంటారు. రెండు సందర్భాల్లోనూ ముందు తేదీ, సమయం, కింది కామెంట్లు కనిపించేలా పూర్తి స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఎదుటివాళ్లు సగం వాక్యం కత్తిరించి తిప్పుతుంటే పూర్తి పోస్టే మీకు సాక్ష్యం. ఫోన్ స్వాధీనం చేసుకుంటే ఆ తతంగాన్ని వీడియో తీయాలని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 105 చెబుతోంది. జాబితా కాపీ, మోడల్, ఐఎంఈఐ నంబరుతో సహా అడిగి తీసుకోండి.

## యుద్ధం అయిపోయాక

ఆర్టీఐ పెడితే ఏమైనా వస్తుందా?

వ్యూహాలు, మోహరింపుల గురించి అడిగితే సెక్షన్ 8(1)(ఎ) చూపి తిరస్కరిస్తారు, అందులో ఆశ్చర్యం లేదు. నష్టపరిహారం ఎంతమందికి అందింది, సరిహద్దు గ్రామాల్లో కూలిన ఇళ్లెన్ని, ఏ కొనుగోలుకు ఎంత చెల్లించారు అని అడిగితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. ఒక దరఖాస్తులో మూడు నాలుగు ప్రశ్నలు మించనివ్వకండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు.

2003లో ప్రపంచమంతా రోడ్డెక్కినా యుద్ధం ఆగలేదు. అడిగి ఏం లాభం?

ఫిబ్రవరి 15న ఒక్క లండన్‌లోనే దాదాపు పది లక్షల మంది నడిచారు, అయినా ఆగలేదు. కానీ మార్చి 1న టర్కీ పార్లమెంటు తన నేల మీంచి అమెరికా సైన్యాన్ని దింపడానికి ఒప్పుకోలేదు. ఉత్తరం నుంచి దాడి చేయాలన్న పథకమే మారిపోయింది. ఇరాక్‌కు సైన్యాన్ని పంపమని అమెరికా మనల్ని అడిగితే, ఐక్యరాజ్యసమితి ఆదేశం లేదు కాబట్టి పంపలేమని వాజ్‌పేయి ప్రభుత్వం జులై 14న చెప్పింది. పార్లమెంటు ఏప్రిల్‌లోనే ఆ దాడిని ఖండిస్తూ తీర్మానం చేసి ఉంది.

తర్వాత విచారణలు జరిగితే నిజం బయటికి వస్తుందా?

కమిటీ వేయగానే పని అయిపోదు, నివేదిక చట్టసభ ముందుకు వచ్చేదాకా వెంటపడాలి. బ్రిటన్‌లో చిల్కాట్ విచారణ నివేదిక 2016లో 12 సంపుటాలుగా వచ్చింది. శాంతియుత మార్గాలు ఇంకా మిగిలి ఉండగానే యుద్ధానికి దిగారని తేల్చింది. కార్గిల్ సమీక్షా కమిటీ 1999 జులైలో ఏర్పడి, కొన్ని భాగాలు తీసేసి అయినా 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చింది. 1962 ఓటమి మీద సైన్యం తయారు చేసిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను మాత్రం ఏ పార్టీ ప్రభుత్వమూ విడుదల చేయలేదు. ఒక విదేశీ పాత్రికేయుడు 2014లో అందులో కొంత ఇంటర్నెట్‌లో పెడితే జనం చదవగలిగారు. మీ ఎంపీకి ఉత్తరం రాసేటప్పుడు 'విచారణ జరపండి' అని వదిలేయకుండా, 'నివేదికను ఫలానా సమావేశాల్లో సభలో పెట్టండి' అని రాయండి.